ఊటబాయి పచ్చా, సదయ్య కోతులూ

నాచూ కోతీ ఒక్క వరుసలో నిలబడతాయని చదువుకున్న మనిషి వచ్చి చెబితే నవ్వకుండా ఎవరుండగలరు? గట్టయ్య కూడా నవ్వాడు. అలా ఇలా కాదు, పొట్ట చేత్తో పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఊటబాయి అనే బొగ్గుగని మూతపడి పదిహేనేళ్ళయింది. దాని ముఖద్వారం దగ్గర అంత గట్టిగా ఎవరైనా నవ్వి మాత్రం ఇంకా ఎక్కువే అయి ఉంటుంది.

"మేడం, మీరు పెద్ద సదువులు సదివిర్రు, నేను కాదన. గని కోతికి కాళ్ళున్నయ్, చేతులున్నయ్, తోకున్నది, దొంగబుద్ధి ఉన్నది. గీ గోడకున్న నాచుకు ఏమున్నది? గీ రెంటిని పక్కపక్కన ఎట్ల రాస్తరు?"

వేదిక పెద్దపల్లిలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతుంది. మంథని వామనరావు పంతులు గారి మనవరాలు. తాత గుళ్ళో దేవుడి ముందు ఎలా వంగేవాడో, ఈ పిల్ల నాచు ముందు అలా వంగుతుంది. మెడలో తాడుకు చిన్న భూతద్దం, చున్నీకి మట్టి. మూడు నెలలుగా ఆదివారం ఆదివారం ఇక్కడికే వస్తోంది.

"రెండూ ఒక్కటని నేనెక్కడన్న కాకా? రెండూ ఒక్క పట్టికల ఉన్నయన్న. ఇట్లనే వదిలేస్తే మన తర్వాత ఉండనివాటి పట్టిక అది." ఆమె వేపచెట్టు కొమ్మల మీదున్న చిన్న కోతుల గుంపును చూపించింది. నెత్తిన వెంట్రుకలు నడిమి పాపిట తీసి టోపీ పెట్టినట్టుంటాయి వాటికి. తోకలు ఒంటికంటే పొడుగు. "మన దిక్కు అసలు కోతులంటే ఈ టోపీ కోతులే. గోదారికి అవతల ఎర్రమూతి కోతులు. అవి పెద్దయి, మొండియి. వంతెనలు దాటి, లారీలెక్కి ఇవతలికొచ్చి వీటిని తరిమేసినయి. ఈ నాచు గతి కూడ అదే. తడి దొరికితే చాలు, మామూలు నాచు యాడనన్న పెరుగుతది. ఇది పెరగది. దీనికేదో ఇంకోటి కావాలె. అదేందో నాకు చిక్కుతలేదు. చుట్టుపక్కల ఇంకెక్కడా నాకిది కనపడలే."

గట్టయ్య నవ్వు ఆగిపోయింది. నలభై ఏళ్ళ కిందట ఇదే రాయి మీద కూర్చుని, ఇదే కోతికీ ఇదే నాచుకూ పోటీ పెట్టి, ఒక మనిషితో రోజూ కొట్లాడిన సంగతి గుర్తొచ్చింది. ఆ మనిషి పేరు సదయ్య.

గోదావరిఖని వాళ్ళకు బొగ్గుగని అంటే బాయే. ఊటబాయి భూమిలోకి ఏటవాలుగా దిగేది. దిగే దారికి రెండు పక్కలా ఇసుకరాతి గోడలు. కుడి గోడలోంచి పన్నెండు నెలలూ నీరు ఊరేది, అందుకే ఆ పేరు. ఆ ఊట కింద తలుపంత మేర పచ్చటి నాచు, ముట్టుకుంటే కొత్త దుప్పటిలా మెత్తగా ఉండేది. కార్మికులెవరూ దాన్ని నాచు అనలేదు. పచ్చ అన్నారు.

ఎనిమిది గంటలు నలుపు తప్ప ఇంకో రంగు చూడని కంటికి, పైకి నడిచి వస్తుంటే మొట్టమొదట కనబడేది ఆ పచ్చే. ప్రతి మనిషీ దాని మీద అరచెయ్యి ఆనించి "వచ్చిన" అనేవాడు. క్షేమంగా పైకొచ్చానని చెప్పడం అంతే, ఒక్క మాట. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. గట్టయ్య ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పాత కార్మికుడు రాయమల్లు చెప్పాడు: "దిగేటప్పుడు మైసమ్మ తల్లికి పోతున్నమని చెప్తం, ఎక్కినంక పచ్చకు వచ్చినమని చెప్తం. ఎవనిది వాడే చెప్పుకోవాలె." ఆఫీసులో హాజరు పుస్తకం ఎటూ ఉండేది. కానీ ఆ పచ్చకు చెబితేనే గట్టయ్యకు వచ్చినట్టనిపించేది. దాని తడి చేతికి తగిలాకే ఇంట్లో భార్య సారక్క పెట్టబోయే అన్నం గుర్తొచ్చేది.

సదయ్య అతని జోడీదారు. ఇద్దరూ కలిసే దిగేవారు, కలిసే ఎక్కేవారు. గట్టయ్యకు పచ్చ పిచ్చి, సదయ్యకు కోతుల పిచ్చి. ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టెలో సగం ఆ టోపీ కోతులకు దాచేవాడు. షిఫ్టు దిగి ఈ రాయి మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత టకటకా కొడితే చాలు, గుంపంతా దిగి వచ్చేది.

"నీ పచ్చకు నువ్వెవనివో తెలుసునారా? నా కోతులకు నా డబ్బ సప్పుడు సుత తెలుసు. ముఖం లేని దానితోని ఏం దోస్తాన్‌రా నీది?" అనేవాడు సదయ్య.

"నీ కోతి రొట్టె కోసం వస్తది. రొట్టె పెట్టకపోతే నిన్ను కరుస్తది. నా పచ్చ ఏమడగది. నేను వచ్చేదాక ఉంటది, గంతే."

"ఉండక యాడికి పోతది, కాళ్ళు లేకపాయె!"

కాంటీన్‌లో చాయ్ చల్లారేదాకా సాగేది ఈ పంచాయితీ. ఎవరూ గెలిచింది లేదు, ఓడింది లేదు. ఇప్పుడు తలుచుకుంటే గట్టయ్యకు ఆ రోజుల్లో జీతం ఎంతో గుర్తు రాదు గానీ సదయ్య "కాళ్ళు లేకపాయె" అన్నప్పటి మెడ విరుపు మాత్రం అచ్చంగా కనబడుతుంది.

ముప్పై ఏళ్ళ కిందట ఒక పదిహేడో తారీఖు, మొదటి షిఫ్టు. ఇద్దరూ పైకి నడుస్తున్నారు. సగం దారిలో సదయ్య ఆగి తల గోక్కున్నాడు. టిఫిన్ డబ్బా లోపలే మరిచిపోయాడు. అందులో కోతుల రొట్టె ఉంది. "నువ్వు నడువురా, చాయ్ చెప్పు, నేను గిట్లనే వస్త" అని వెనక్కి తిరిగాడు. గట్టయ్య పైకొచ్చాడు, పచ్చను ముట్టాడు, వచ్చిన అన్నాడు, వెనక్కి చూడకుండానే కాంటీన్‌కు పోయి రెండు చాయ్‌లు చెప్పాడు. తనది తాగాడు. రెండోది అట్లాగే ఉంది. ఉంది, చల్లారింది, మీద మీగడ కట్టింది. అప్పుడు కూత పెట్టింది సైరన్. లోపల పైకప్పు నుంచి బండ పడింది.

సాయంత్రానికి సదయ్యను పైకి తెచ్చారు. దుప్పటి కప్పి తెచ్చారు. పచ్చ పక్కనుంచే తీసుకుపోయారు. ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

అది గట్టయ్య గుండెలో ముల్లై కూర్చుంది. చెప్పనివాడు ఇంకా వస్తున్నట్టే లెక్క కదా. సదయ్య ఇంకా ఆ చీకటి దారిలో, చేతిలో డబ్బాతో నడుస్తూనే ఉన్నట్టు. తరువాతి నెల పదిహేడున గట్టయ్య పచ్చను రెండుసార్లు ముట్టాడు, రెండుసార్లు వచ్చిన అన్నాడు. ఒకటి తనది. రెండోది సదయ్యది. అప్పటి నుంచి ప్రతి నెలా అంతే. బాయి మూతపడ్డా అంతే. రిటైరై ఏడేళ్ళయినా అంతే. సంగతి సారక్కకు తప్ప ఎవరికీ తెలియదు. "పెండ్లయిన తారీఖు అడిగితే నీళ్ళు నములుతవ్, పదిహేడు మాత్రం నెలనెలా మరువవ్" అని ఆమె దెప్పేది గానీ ఆ రోజు మాత్రం తెల్లారే లేచి ఫ్లాస్కులో చాయ్ పోసి ఇచ్చేది.

ఇన్నేళ్ళ తరువాత ఇప్పుడు ఒక కాగితం వచ్చింది. వానలు పడకముందే ఊటబాయి ముఖద్వారానికి గోడ కట్టి, బయటంతా మట్టితో నింపేస్తారట. అందులో తప్పేముంది? మేకలు పడుతున్నాయి, పిల్లలు ఆటలకు పోతున్నారు. మంచి పనే. కానీ పచ్చ మట్టి కింద పోతే గట్టయ్య చెయ్యి ఎక్కడ పెట్టాలి? సదయ్య ఎక్కడికి రావాలి? ఆలోచిస్తే అన్నం లోపలికి పోలేదు.

దానికి తోడు పచ్చ కూడా పచ్చలా లేదు. ఒకప్పుడు తలుపంత ఉండేది, బాయి మూసిన దగ్గర్నుంచి ఏటికేడు కుంచించుకుపోతూ ఈ ఎండాకాలానికి అన్నం తినే పళ్ళెమంత మిగిలింది. ఊట మాత్రం తగ్గలేదు. ముట్టుకునేవాళ్ళు లేక అలిగిందని గట్టయ్య నమ్మకం.

"ఒక దారుంది కాకా," అంది వేదిక. "మన ప్రాంతపు జీవవైవిధ్య కమిటీ ఆరో తారీఖు వస్తది. ఈ నాచు సంగతి వాళ్ళకు నచ్చితే, గోడ కొంచెం లోపలికి జరిపి కట్టమని కంపెనీకి ఉత్తరం రాస్తరు. అయితే కమిటీ పెద్ద రఘుపతి సార్ ఏడాదికి ఒక్క జీవి గురించే రాస్తరు. రెంటి గురించి రాస్తే పైన ఒక్కటీ చదవరని ఆయన రూలు. ఆయనకు కోతుల మీద మనసున్నది. కోతులకైతే పాత మట్టిదిబ్బ మీద పండ్లచెట్లు పెట్టమని రాస్తరు, ఈ గోడ ఇట్లనే పోతది."

గట్టయ్య ఆ సంగతి ఇంటికి పోతూ పోతూ పోశానికి చెప్పాడు. అక్కడే వచ్చింది చిక్కు.

పోశం సదయ్య తమ్ముడు. అన్న పోయినందుకు కంపెనీ ఇచ్చిన ఉద్యోగం ఇతనికి వచ్చింది. "గీ ఒక్కన్నన్న లోపలికి పంపకుర్రి సారూ" అని తల్లి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడిస్తే ఉపరితలం పని ఇచ్చారు. సున్నం పని. ఇన్‌స్పెక్షన్‌కు పెద్దసార్లు వస్తున్నారంటే చాలు, ఊటబాయి ముఖద్వారం గోడలు పైనుంచి కిందిదాకా తెల్లగా మెరవాలి. ఏడాదికి మూడుసార్లు, నాలుగుసార్లు. పోశం మొదటిసారి కుంచె పట్టిన రోజు గట్టయ్య వచ్చి, "తమ్మీ, గా పచ్చ మీద సున్నం పడనియ్యకు, నీకు దండం పెడుత" అన్నాడు. ఎందుకని పోశం అడగలేదు. ఆ తరువాత ఎన్నిసార్లు సున్నం వేసినా చుట్టూ తెలుపు, మధ్యలో తలుపంత పచ్చ వదిలేవాడు. మేనేజర్ కసిరినా వదిలేవాడు. కానీ తాను మాత్రం దాన్ని ఒక్కసారీ ముట్టలేదు. లోపలికి దిగనివాడికి వచ్చిన అనే హక్కు లేదని అతని లెక్క.

ఆరో తారీఖు పొద్దున ఏడింటికి కమిటీ జీపు దిగేసరికి ఊటబాయి ముఖద్వారం ధగధగా మెరిసిపోతోంది. కుడి గోడ, ఎడమ గోడ, పైన వంపు, అన్నీ పాలలాంటి తెలుపు. కింద ఖాళీ బకెట్టు, పక్కన పోశం. నెత్తి నిండా సున్నం చుక్కలు, ముఖం నిండా నవ్వు.

"పెద్దసార్లు వస్తుంటే ఖరాబ్ గోడ ఎట్ల సూపెడుతమే గట్టన్నా? రాత్రి నానబెట్టి, తెల్లారి నాలుగింటికే మొదలువెట్టిన. నీ పచ్చను ముట్టలే, సూడు!"

ముట్టలేదు, నిజమే. పళ్ళెమంత పచ్చ చుట్టూ వేలెడు జాగా వదిలాడు. కానీ ఊట నీళ్ళతో కలిసి పైనుంచి సున్నం తెల్లటి చారలుగా జారి, ఆ కాస్త పచ్చ మీదుగా కారుతోంది. ఆరోగ్యం బాగులేని మనిషి ముఖంలా ఉంది అది.

రఘుపతి సార్ రిటైరైన హెడ్మాస్టరు, మర్యాదస్తుడు. కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. "ఇదేనా అమ్మా, ఆ నాచు?" అన్నాడు. వెంట ఉన్నాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వేదిక చెప్పాల్సింది చెబుతూనే ఉంది. సరిగ్గా అప్పుడే వేపచెట్టు మీది గుంపు కిందికి దిగింది. ఒక తల్లి కోతి పొట్టకు పిల్లను హత్తుకుని రఘుపతి సార్ చెప్పుల దగ్గరిదాకా వచ్చి, తల వంచి, నడిమి పాపిట చూపించి, ఆయన చేతిలో బిస్కట్టు తీసుకుని పోయింది. ఇంక చెప్పేదేముంది!

"వేదికమ్మా, నీ కష్టం నాకు తెల్వదని కాదు," అన్నాడాయన. "గని జనానికి చూపించి ఒప్పియ్యాలంటే ముఖం ఉండాలె. నాచుకు ముఖమేదమ్మా?"

గట్టయ్యకు చెంపదెబ్బ తగిలినట్టయింది. అచ్చం సదయ్య అన్న మాటే. నలభై ఏళ్ళు తెగని పంచాయితీలో సదయ్య గెలిచాడు, అదీ తాను లేకుండా. కోపమో ఏడుపో తెలియక గట్టయ్య చుట్టూ చూశాడు. ఎదురుగా బకెట్టుతో పోశం కనబడ్డాడు.

"మీ అన్నను బాయి మింగింది," అన్నాడు గట్టయ్య. "మిగిలిన గీ పచ్చను నువ్వు మింగినవ్ పోరా!"

అన్నాక తెలిసింది ఏమన్నాడో. నోట్లోంచి పోయిన మాట ఎవడు పట్టి తెస్తాడు? పోశం ముఖం మీది నవ్వు అట్లాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. బకెట్టు ఎత్తుకుని, కుంచె అందులో వేసుకుని, కమిటీ వాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

జీపు కూడా పోయింది. వేదిక పోలేదు. గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. సంచిలోంచి చిన్న యాసిడ్ సీసా తీసి, పాత పచ్చ ఎండిపోయిన చోట కొత్త సున్నం గీకి, రాయి మీద రెండు చుక్కలు వేసింది. సోడా సీసా మూత తీసినట్టు బుసబుసా నురుగు వచ్చింది.

"కాకా, ఇక్కడ ఇంతకుముందు ఎప్పుడన్న సున్నం వేసిర్రా?"

"ఎప్పుడన్నానా? బాయి తెరిచిన కాన్నుంచి మూసేదాక ఏడాదికి మూడు నాలుగుసార్లు ఏసుడే."

"పచ్చకు పైన కూడ?"

"పైన, పక్కల, అంతట. పచ్చ ఒక్కటి ఇడిచిపెట్టి. ముందుగాల ఏరేటోళ్ళు, ఆ ఎనక మన పోశమే."

వేదిక నుదురు కొట్టుకుంది. "మూడు నెలల నుంచి తల పగలగొట్టుకుంటున్న కాకా! ఈ నాచు సున్నపురాయి మీద బతికేది. ఈడ ఉన్నదేమో ఇసుకరాయి. ఇక్కడికెట్ల వచ్చిందని నిద్రపోలేదు నేను. పోశం కాక పైన వేసిన సున్నం ఊటల కరిగి, పలచగ దిగి, దీనికి అందింది. నేరుగ మీద పడితే మాడిపోయేది. చుట్టూ ఏసి దీన్ని వదిలిండు చూడు, అదే దీన్ని బతికించింది. బాయి మూసిర్రు, సున్నం ఆగింది, ఇది ఎండుకుంట వచ్చింది. దీనికి బువ్వ పెట్టింది పోశం కాకనే!"

గట్టయ్య ఆ రాయి మీద కూర్చుండిపోయాడు. పచ్చను కాపాడింది తానేనని ఇన్నేళ్ళూ లోలోపల మీసం మెలేశాడు. దాని మీద సున్నం పడుతుందేమోనని, కుంచె పట్టిన ప్రతిసారీ పోశం వంక దొంగను చూసినట్టు చూశాడు. ఇప్పుడు అంత మాట అన్నాడు. ఛీ, ఏం బతుకురా నీది అనుకున్నాడు.

ఇంటికి పోబుద్ధి కాలేదు. వేదిక కూడా సీసాలూ కాగితాలూ సర్దుకుంటూ ఉంది. ఎండ మాడు పగలగొడుతోంది. బాయి మూతపడ్డాక గట్టయ్య ఎప్పుడూ పదిహేడున పొద్దున్నే వచ్చి పోయేవాడు కాబట్టి ఇక్కడ మిట్టమధ్యాహ్నం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. పన్నెండు దాటాక వేపచెట్టు ఆకులు కదిలాయి. టోపీ కోతులు ఒక్కొక్కటే దిగాయి. వీళ్ళ వంక ఒకసారి చూసి, ఏదో తమ ఇల్లే అన్నట్టు ముఖద్వారంలోకి నడిచాయి. పచ్చకు మూరెడు పైన, కొత్త సున్నం అంటని పగులులో ఊట నేరుగా కారుతోంది. ముందు పెద్దది నాలుక పెట్టి తాగింది. తరువాత తల్లి తాగింది. పొట్టకు కరుచుకున్న పిల్ల మాత్రం చెయ్యి చాచి, తడి పచ్చ మీద అరచెయ్యి ఆనించి, ఆ వేళ్ళు నాక్కుంది.

గట్టయ్య రాయి మీంచి లేచాడు. చిన్న నల్లటి అరచెయ్యి. పైకొచ్చిన మనిషి చెయ్యే అది.

"బిడ్డా," అన్నాడు గట్టయ్య, "మునుపు వీటికి మా కాంటీన్ నల్లా తిప్పితే నీళ్ళుండె. గా నల్లా పోయినంక గీ ఎండాకాలం యాడ తాగుతున్నయో నేనెన్నడు ఫికర్ చెయ్యలే. గీ మట్టి నింపితే కోతులకు చెట్లు పెడతరు సరే, నీళ్ళో?"

వేదిక అప్పటికే ఫోనులో బొమ్మలు తీసేసింది.

సాయంత్రం ఇద్దరూ రఘుపతి సార్ ఇంటికి పోయారు. ఆయన ఉత్తరం రాసి కవరులో పెట్టాడు గానీ అంటించలేదు. గట్టయ్య అరుగు మీద కూర్చుని, చేతులు కట్టుకుని, జీవితంలో మొదటిసారి సదయ్య పక్షాన మాట్లాడాడు.

"సారూ, మీరు కోతులకే రాయుర్రి. నేను నాచు మాటెత్త. గని గా కోతులకు కాళ్ళున్నయని మా సదన్న అనేటోడు. కాళ్ళుంటే ఏం లాభం, యాడికన్న పోదామంటే అంతట ఎర్రమూతులేనాయె. గా ఊట ఒక్కటే ఉన్నది వాటికి. గది మూస్తే మీరు పెట్టే చెట్ల పండ్లు ఎర్రమూతులు తింటయి, ఇవి ఉండయి."

రఘుపతి సార్ ఫోనులో బొమ్మలు ఒకటికి రెండుసార్లు చూశాడు. పిల్ల కోతి చెయ్యి దగ్గర ఆగి, నవ్వి, "నాచుకు ముఖం లేదన్న గని గట్టయ్యా, చెయ్యి పెట్టేటోళ్ళు ఉన్నరే!" అన్నాడు. కవరులోంచి కాగితం తీసి, ఈ గుంపుకు ఎండాకాలంలో ఇక్కడ వేరే నీళ్ళు లేవనీ, ముఖద్వారం గోడను ఇరవై అడుగులు లోపలికి జరిపి కట్టాలనీ, ఊట గోడను ఉన్నదున్నట్టు ఉంచాలనీ రాశాడు. నాచు అనే మాట ఎక్కడా రాయలేదు. రూలు రూలే మరి.

వారం తిరిగేసరికి కంపెనీ సర్వేయర్ వచ్చి కొలతలు తీసుకున్నాడు. లోపలికి జరిపితే ఇటుక తక్కువే పడుతుందని సంతోషంగా ఒప్పుకున్నాడు కూడా. సదయ్య కోతులు గట్టయ్య పచ్చను గెలిపించాయి. ఈ మాట చెప్పుకుని నవ్వడానికి సదయ్య లేడు. చెప్పుకోదగ్గ ఇంకో మనిషి నాలుగు సందుల అవతల ఉన్నాడు గానీ, గట్టయ్య కాళ్ళు అటు పడటం లేదు. పది రోజులయింది. పోశం మార్కెట్‌కు ఇంకో దారిలో పోతున్నాడు.

పదిహేడో తారీఖు పొద్దున సారక్క ఫ్లాస్కు చేతిలో పెట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇయ్యాల నువ్వొక్కనివే పోతే ఫ్లాస్కు ఈన్నే పెట్టి పో. జారింది నీ నోరు, కాళ్ళు కాదు గదా? పోయి పోశం మరిదిని తోలుకపో. గా ముప్పై ఏండ్ల ముచ్చట సుత చెప్పు. అన్న ముచ్చట తమ్మునికి దాస్తవా? ఏం మనిషివయ్యా నువ్వు?"

ఆమె చెప్పింది కాబట్టి పోయాడు, లేకపోతే పోయేవాడు కాదు. పోశం ఇంటి ముందు బకెట్టు కడుగుతున్నాడు. గట్టయ్య వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. "తమ్మీ, తప్పయింది. నాతోని రా" అన్నాడు. పోశం బకెట్టు బోర్లించి పెట్టాడు. తరువాత చేతులు తుడుచుకుని వెంట నడిచాడు.

దారిలో గట్టయ్య అంతా చెప్పాడు. పచ్చకు సున్నమే బువ్వయిన సంగతి, డబ్బా సంగతి, రొట్టె సంగతి, వెనక్కి చూడకుండా వచ్చిన అన్న సంగతి, మీగడ కట్టిన చాయ్ సంగతి. "నేను ఒక్కసారి ఎనక్కి తిరిగి సూసి ఉంటే ఆగుదును, పిలుద్దును. గది నీకెట్ల చెప్పాలెరా? నీ ముఖం సూసినప్పుడల్లా పక్కకు తప్పుకునేటోన్ని." పోశం పక్కనే నడిచాడు. బాయి కంచె దగ్గరికొచ్చాక గట్టయ్య జబ్బ పట్టుకుని రాళ్ళు దాటించాడు.

పచ్చ అట్లాగే ఉంది. పళ్ళెమంతే. తెల్లటి చారలు సన్నగిల్లాయి. అంచుల్లో సూదిమొనలంత కొత్త పచ్చ కనబడుతోందని వేదిక చెప్పింది గానీ, భూతద్దం లేకుండా చూడటం ముసలి కళ్ళ వల్ల కాదు. గట్టయ్య అరచెయ్యి ఆనించాడు.

"వచ్చిన."

అని పక్కకు జరిగాడు. "రెండోది నువ్వు చెప్పురా. గిన్నేండ్లు నీ దగ్గర గుంజుకుని నేను చెప్పిన."

పోశం తన చేతులు చూసుకున్నాడు. సున్నానికి పగిలి, ఆ పగుళ్ళలో తెలుపు ఇంకిపోయిన చేతులు. "నేను లోపలికి దిగనోన్ని గదనే గట్టన్నా. ముట్టచ్చునా?"

"గిది నీ చేతి బువ్వ తిని బతికింది. ముట్టు."

పోశం ముట్టాడు. వేళ్ళ సందుల్లోంచి చల్లటి నీళ్ళు దిగి ముంజేతి మీదుగా కారాయి. దిగే దారి చీకటి వంక చూశాడు. అరవై ఏళ్ళ మనిషి చిన్న పిల్లాడిలా వెక్కాడు.

"వచ్చిండు," అన్నాడు. "మా అన్న వచ్చిండు."

వేపచెట్టు మీద కోతులు కిచకిచలాడాయి. గట్టయ్య ముఖం తుడుచుకుని, రాయి మీద కూర్చుని, ఫ్లాస్కు మూత తీశాడు. సారక్క ఎప్పుడూ రెండు స్టీలు గ్లాసులు ఇచ్చేది. ఇవ్వాళ సంచిలో మూడున్నాయి. మూడింటిలోనూ పోశాడు. ఒకటి తాను తీసుకున్నాడు, ఒకటి పోశానికిచ్చాడు, మూడోది రాయి మీద పెట్టాడు. దాని మీంచి ఆవిరి లేస్తోంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"సల్లారుతది గదనే," అన్నాడు పోశం. తనది పక్కన పెట్టి, అన్న చాయ్ అందుకుని, వేడిగా ఉండగానే తాగేశాడు.